నీళ్లకొచ్చిన పందిజ్వరం

జోన్‌మణి దోలే మనిషి కనపడకముందే ఆమె నవ్వు వినపడుతుంది. మా జోర్హాట్ పశురోగ నిర్ధారణ ప్రయోగశాలలో పైఅంతస్తున ఆమె నవ్విందంటే, కింద సైకిళ్ల దగ్గర కూర్చున్న కాపలాదారుకి కూడా ఇవాళ మిషన్లు మొరాయించలేదని తెలిసిపోతుంది. ఆమె చదివింది పశువైద్యం, కానీ చేసే పనిలో పశువు మొహం చూసే భాగ్యం తక్కువ. ఊళ్ల నుంచి చిన్న చిన్న గొట్టాల్లో నెత్తురు వస్తుంది. అందులో రోగం ఆనవాలు ఉందో లేదో పీసీఆర్ మిషన్ మీద తేల్చి, కాగితం మీద సంతకం పెట్టడమే ఉద్యోగం.

పుట్టింది మాత్రం పందుల మీదే అనాలి. బ్రహ్మపుత్ర నడిమధ్య ఉన్న మాజులి దీవిలో వాళ్లది మిసింగ్ గిరిజనుల పల్లె. ఇళ్లన్నీ నిలువు కర్రల మీద ఎత్తుగా కడతారు. పైన మనుషులు, కింద పందులు. వెదురు నేల సందుల్లోంచి గురగుర వినపడుతుంటే గాని ఆ పిల్లకి నిద్ర పట్టేది కాదు. కాలేజీ హాస్టల్‌కి వెళ్లిన కొత్తలో నిశ్శబ్దానికి తట్టుకోలేక ఏడ్చిందని మేనత్త ఫులేశ్వరి ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. ఆ చదువు కూడా ఫులేశ్వరి పందుల చలవే. ఈతకో సెమిస్టరు చొప్పున గట్టెక్కించింది.

"అందరి పిల్లలూ రెండు కాళ్ల మీద నడిచి పైకొచ్చారు. మా జోన్ నాలుక్కాళ్ల మీద నడిచి పైకొచ్చింది" అంటుంది ఆవిడ.

అలాంటి అత్తాకోడళ్ల మధ్య మాటలు తెగిపోయిన కాలం ఒకటుంది. మనుషులకి కరోనా వచ్చిన ఏడాదే అస్సాంలో పందులకి ఆఫ్రికా జ్వరం సోకింది. దానికి మందు లేదు. ఒక్క పందికి ఉందని తేలితే, చుట్టూ కిలోమీటరు మేర ఉన్న పందులన్నిటినీ చంపి పూడ్చాల్సిందే. మాజులిలో తన సొంత పల్లె నుంచి వచ్చిన గొట్టాలు ఒకనాడు జోన్‌మణి బల్ల మీదికి చేరాయి. రోగం ఉందని తేలింది. ఆమె సంతకం పెట్టింది. ఊళ్లో గోతులు తవ్వారు. ఆ ఫలితం నిజమేనని ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే పందులు అప్పటికే రాలిపోతున్నాయి. అయినా ఫులేశ్వరి చాలా కాలం ఆమె ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఎత్తింది గాని, పందుల ఊసు వస్తే చాలు వంటల మీదికి మాట మళ్లించేది.

ఇది జరిగాక మూడో శీతాకాలంలో కిట్ల వ్యవహారం వచ్చింది. ప్రతి జిల్లాలోనూ అక్కడికక్కడే పరీక్ష చేసుకునేలా, కంపెనీలు తయారుగా అమ్మే పీసీఆర్ కిట్లు కొనాలని ప్రభుత్వం నిర్ణయించింది. నాలుగు కంపెనీలు నమూనా పెట్టెలు పంపాయి. వాటిలో ఏది నమ్మదగిందో తేల్చే పని జోన్‌మణి మీద పడింది.

నాలుగు పెట్టెలూ బల్ల మీద వరుసగా పెట్టి, టెక్నీషియన్ దీపేన్ చేతియా తల దువ్వుకుంటూ అన్నాడు: "అక్కా, పెళ్లిచూపులకి నలుగురొచ్చారు. ఎర్రవాడు, నీలంవాడు, తెల్లవాడు, పచ్చవాడు. పచ్చవాడు అందగాడు, గంటలోపే తేల్చేస్తాడట."

"అందం సంగతి సరే, అబద్ధాలాడతాడేమో చూద్దాం" అంది జోన్‌మణి.

అది చూడాలంటే రెండు రకాల నెత్తురు కావాలి. రోగం ఉందని రూఢిగా తెలిసినది ఒకటి, లేదని రూఢిగా తెలిసినది ఒకటి. గొట్టాల మీద పేర్లు తీసేసి, వాటిని కలిపేసి, ఏ కిట్ ఏది చెబుతుందో చూడాలి. రోగపు నెత్తురు ఫ్రీజర్‌లో బోలెడుంది. ఆరోగ్యపు నెత్తురు మాత్రం తాజాగా తేవాలి. పెద్ద ఫారాల పందులదైతే సులువే. కానీ ఈ కిట్లు రేపు తిరగబోయేది బురదలో పొర్లే ఇంటి పందుల మధ్య. అందుకని జోన్‌మణి ఐస్ డబ్బా పట్టుకుని నిమాతి ఘాట్‌లో మాజులి లాంచీ ఎక్కింది.

లాంచీలో మోటారు సైకిళ్ల మధ్య కాస్త చోటు దొరికింది. పక్కనున్నాయన డబ్బా మీద మోచెయ్యి ఆనించి, "చేపలా అక్కా?" అన్నాడు.

"ఇప్పుడు ఖాళీ. వచ్చేటప్పుడు నెత్తురుంటుంది."

ఆయన మోచెయ్యి తీసేసుకుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా నది వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఫులేశ్వరి ఇంటి మెట్ల మీద కూర్చుని మగ్గానికి నూలు చుడుతోంది. మేనకోడలిని, చేతిలో డబ్బాని మార్చి మార్చి చూసింది.

"ఎవరొచ్చారో చూడండే! డాక్టరమ్మ. ఉత్త చేతులతో రాలేదు, సూదులు కూడా తెచ్చింది."

"రోగం వెతకడానికి రాలేదత్తా. మంచి పందుల నెత్తురు కావాలి."

"మంచి పందులు కావాలా? పెరట్లో గొయ్యి ఉంది, తవ్వుకో."

మాట గుచ్చుకుంది గాని జోన్‌మణి కదల్లేదు. మెట్టు మీద పక్కనే చతికిలబడి, వచ్చిన పని ఉన్నదున్నట్టు చెప్పింది. "నాలుగు రకాల కిట్లు వచ్చాయి. నిజం చెప్పేదేదో, అబద్ధం చెప్పేదేదో ఇప్పుడే తేల్చకపోతే, రేపు ఏదో పనికిమాలిన పెట్టె వచ్చి లేని రోగం అంటగడుతుంది. అప్పుడు నువ్వు తిట్టడానికి నేను కూడా దొరకను."

ఫులేశ్వరి నూలు పక్కన పెట్టింది. ఇంటి కింద మళ్లీ పందులున్నాయి. వాటిలో పెద్దది తెల్లటి సంకరజాతి ఆడపంది. చల్లారిన కుడితి ముట్టదు, ఎండలోకి రాదు. ఊరంతా దాన్ని దొరసాని అని పిలుస్తారు. ఇప్పుడు నిండు చూలుతో ఉంది.

"సరే. కానీ మగాళ్లని పిలవను. దాన్ని నువ్వే పట్టుకోవాలి. చూలుది, బెదిరిస్తే ఊరుకోను."

జోన్‌మణి చున్నీ నడుముకి చుట్టి దిగింది. చాలా ఏళ్లుగా ఆమె చేతులు గొట్టాలకే అలవాటుపడ్డాయి. మొదటి పట్టులోనే దొరసాని ఆమెని బురదలో కూర్చోబెట్టింది. చుట్టుపక్కల మెట్ల మీద ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎదురింటి మేనక అయితే, "సంతకం పెట్టించుకో పిల్లా, దానిష్టం లేకుండా తీస్తావా!" అని అరిచింది. చివరికి ఫులేశ్వరే వచ్చి, దొరసాని మెడ గోకుతూ ఏవో బుజ్జగింపులు చెప్పింది. అది కళ్లు మూసుకుని నిలబడితే జోన్‌మణి చెవి నరంలోంచి నెత్తురు తీసింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ కాదనలేదు. మేనక నల్ల పోతుపందితో సహా అన్నిటి నెత్తురూ డబ్బాలోకి చేరింది.

వెళ్లేముందు ఫులేశ్వరి ఇత్తడి గిన్నెలో అపాంగ్ పోసింది. ఆ బియ్యపు సారా వాసన తగలగానే జోన్‌మణి, "డ్యూటీలో ఉన్నానత్తా" అంది.

"డ్యూటీ పందులతో అయిపోయింది. ఇప్పుడు మనుషులతో ఉన్నావు, తాగు."

ప్రయోగశాలలో దీపేన్ గొట్టాలన్నిటికీ రహస్య అంకెలు వేసి కలిపేశాడు. ఏది ఏ పందిదో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కో కిట్‌తో ఒక్కో ప్లేటు నడిపారు; ప్లేటు నిండా చిన్న గుంటలు, గుంటకో నెత్తురు. పరీక్ష తీరు తెలిసిందే. రోగం ఆనవాలు ఉంటే మిషన్ తెర మీద ఆ గుంట తాలూకు గీత పైకి లేస్తుంది. లేకపోతే నేలబారుగా పడుంటుంది.

నీలం పెట్టె బలహీనంగా ఉన్న రోగాన్ని పోల్చుకోలేకపోయింది. తెల్లది సరిగ్గానే చెప్పింది గాని, దాన్ని నడపాలంటే జిల్లాల్లో లేని మిషన్లు కావాలి. ఎర్రది బాగానే చేసింది. కాకపోతే ఎండలో చెడిపోయిన రెండు నెత్తుళ్ల దగ్గరికొచ్చేసరికి అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఈ నెత్తురుతో చెప్పలేను, వేరేది తెమ్మంది. పచ్చపెట్టె రోగమున్న ప్రతి గొట్టాన్నీ పట్టేసింది, అదీ అందరికంటే త్వరగా. ఆరోగ్యపు నెత్తుళ్లలో మాత్రం ఒకచోట, ఆట ముగిసే ముందు, ఒక గీత మెల్లగా తల ఎత్తింది.

"అదెవరిది?" అంది జోన్‌మణి.

దీపేన్ కాగితం మీద అంకెని రెండుసార్లు వేలితో సరిచూసుకున్నాడు. "దొరసాని" అన్నాడు చివరికి.

ఆ పూట పైఅంతస్తులో నవ్వు వినపడలేదు.

డైరెక్టర్ ఫుకన్ సార్ మంచివాడే. మార్చి లోపల కొనుగోలు పూర్తిచేసి, ప్రశాంతంగా రిటైర్ కావాలన్నది ఆయన కోరిక. ఫలితాలు చూసి సంతోషించాడు.

"పచ్చదే బాగుందమ్మా. ఒకటి ఎక్కువ చెప్పిందంటావా, చెప్పనీ. రోగాన్ని వదిలెయ్యడం కంటే, అనుమానం మీద నాలుగు పందులు ఎక్కువ పోవడం నయం కదా?"

"ఆ నాలుగూ పోతే, వాటి చుట్టూ కిలోమీటరు పోతుంది సార్. ఈసారి కూడా ఆ కిలోమీటరు మా అత్తదే."

ఫుకన్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అత్తగారిదా? అయితే అందరికంటే నువ్వే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రోగం నిజంగా ఉంటే?"

అదీ నిజమే. ఆమెను కుదిపింది కూడా ఆ ప్రశ్నే. పచ్చపెట్టె అబద్ధమాడుతోందా, లేక మిగతా మూడింటికీ కనపడనిది దాని కంటికి కనపడిందా? రోగం మొదట్లో నెత్తురులో ఆనవాలు చాలా తక్కువగా ఉంటుంది. దొరసానికి ఇప్పుడే సోకి ఉంటే? ఆలోచిస్తూ మెట్ల దగ్గరికెళ్లి నిలబడి, ఫోన్ తీసింది.

"అత్తా, ఒక పెట్టె దొరసానికి జ్వరం ఉందంటోంది. మూడు లేదంటున్నాయి. ఏది నిజమో నాకింకా తెలీదు. తేలేదాకా దాన్ని అమ్మకు, బయటికి వదలకు, ఇంటి కిందికి ఎవర్నీ రానివ్వకు."

అవతల మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఫులేశ్వరి గొంతు వినపడింది.

"నాకు నలుగురు తమ్ముళ్లు. వాళ్లలో మీ నాన్నొకడు. ముగ్గురు ఒక మాట చెప్పి నాలుగోవాడు ఇంకోటి చెబితే, ఎవడు అబద్ధమాడుతున్నాడో మొహం చూసి పట్టేసేదాన్ని. నీ పెట్టెలకి మొహాలు లేవాయె."

"రేపొస్తాను. మళ్లీ నెత్తురు తీస్తాను."

"రా." ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. "పోయినసారి నువ్వు చెప్పలేదు జోన్. కాగితం చెప్పింది. జీపులో వచ్చిన ముక్కూమొహం తెలీనివాడు చదివి వినిపించాడు. పందులు పోయినందుకు కాదే నేను ఫోన్ ఎత్తనిది."

జోన్‌మణి అన్నేళ్లుగా తన సంతకం మీద కోపమనుకుంది. సంతకం పెట్టిన రోజున ధైర్యం చాలక ఫోన్ చెయ్యలేదు. నియమాల ప్రకారం చెప్పాల్సిన వాళ్లే చెబుతారులే అనుకుంది.

మర్నాడు వెళ్లేసరికి ఇంటి చుట్టూ వెదురు దడి కట్టి ఉంది. మెట్ల దగ్గర సున్నపు నీళ్ల తొట్టి పెట్టారు. ఫులేశ్వరి మేనకోడలి కాళ్లు కూడా అందులో ముంచాకే లోపలికి రానిచ్చింది. దొరసానికి వేడి లేదు, తిండి మానలేదు. పైగా సూది కనపడగానే ఎర్రగా చూసింది. ఈసారి నెత్తురుతో పాటు ముక్కులోంచి, నోట్లోంచి కూడా తడి తీసుకుంది జోన్‌మణి. వెళ్లేటప్పుడు ఫులేశ్వరి ఆవాకుతో వండిన కూర ఆకులో కట్టి, డబ్బా పక్కన పెట్టింది. "ఇది చికెన్. నువ్వు అనుమానపడక్కర్లేదు" అంది.

ప్రయోగశాలలో ఏళ్ల తరబడి వాడుతున్న పాత పద్ధతి ఒకటుంది. నెమ్మదిగా సాగుతుంది గాని దాని మాట అందరూ నమ్ముతారు. దొరసానికి రోగం లేదని అది తేల్చింది. కొత్త నెత్తురు పచ్చపెట్టెలో వేస్తే గీత లేవలేదు. ఊపిరి పీల్చుకోబోతుంటే, అదే ప్లేటులో మేనక నల్ల పోతుపంది గీత లేచింది. ఇంకోసారి వేస్తే అది కూడా పడుకుని, వేరే పందిది లేచింది.

"ఇదేం రోగమక్కా? పంది నుంచి పందికి దూకుతోందా?" అన్నాడు దీపేన్.

జోన్‌మణి తెర వైపు చూస్తూ పెన్ను కొరికింది. "పంది నుంచి పందికి కాదేమో. గుంట నుంచి గుంటకేమో." లేచి చేతులకి కొత్త తొడుగులు వేసుకుంది. "నెత్తురు వద్దు. ప్లేటంతా నీళ్లు వెయ్యి."

"నీళ్లా?"

"ఆ పెట్టెలోనే ఇచ్చారుగా, చిన్న సీసా. వాళ్ల నీళ్లే."

"ప్లేటంతా నీళ్లకి తగలేస్తే ఫుకన్ సార్ నన్ను ఉప్పు లేకుండా నమిలేస్తాడక్కా!"

"నా పేరు చెప్పు."

ప్లేటు నడిచింది. నీళ్లలో పంది లేదు, నెత్తురు లేదు, ఏమీ లేదు. గీతలన్నీ నేలబారుగా సాగాయి. చివరికొచ్చేసరికి ఇక్కడొకటి, అక్కడొకటి తలెత్తాయి. దీపేన్ నోరు తెరిచి చూస్తున్నాడు. అప్పుడు నవ్వింది జోన్‌మణి. కింద కాపలాదారు ఉలిక్కిపడి పైకి చూశాడట.

పచ్చపెట్టె కంపెనీ తరఫున సౌమిక్ ధర్ అనే బెంగాలీబాబు కలకత్తా నుంచి దిగాడు. ఎప్పుడూ నవ్వుమొహం, ఇస్త్రీ చెదరని చొక్కా. విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"మేడం, ఏమీ అనుకోకండి. మీ గదుల్లో ఏళ్ల తరబడి రోగపు నెత్తురు తిరుగుతోంది. ఆ దుమ్మే మా నీళ్లలో పడుంటుంది. పెట్టెకేం పాపం?"

ఆ మాటకి దీపేన్‌కి రోషం వచ్చింది గాని, జోన్‌మణి మాత్రం తల ఊపింది. "సరైన అనుమానం. నాకూ వచ్చింది. అందుకని మా గదిలో వద్దు. వ్యవసాయ కళాశాలలో విత్తనాల పరీక్షకి వాడే పీసీఆర్ మిషన్ గది అడిగి పెట్టాను. అక్కడ వరి తప్ప ఏమీ తిరగదు. మీరు కొత్త పెట్టె తెప్పించండి. సీలు మీరే విప్పండి, నీళ్లు మీరే పొయ్యండి. నేను ఏదీ ముట్టుకోను."

ధర్ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

ఆ పరీక్ష జరిగే రోజు పొద్దున్నే కళాశాల వరండాలో కలకలం రేగింది. ఫులేశ్వరి, మేనక, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మంచి మేఖేలాలు కట్టుకుని, చేతిలో ఆకు పొట్లాలతో దిగారు.

"అత్తా! నువ్వెందుకొచ్చావు?"

"పందుల్ని కదలొద్దన్నావు. దొరసానికి రోగం లేదని నువ్వే ఫోన్ చేసి చెప్పాక అవి కూడా కదులుతున్నాయి. నేను కదిలితే నీకేం?" అంది ఫులేశ్వరి. "నా పందికి పేరు పెట్టిన మిషన్ మొహం చూసి పోదామని వచ్చాం."

అద్దం తలుపు ఇవతల బెంచీ మీద వాళ్లని కూర్చోబెట్టారు. మిషన్ని చూసి మేనక నిరుత్సాహపడింది. "ఇంతేనా? మా కోడలి రైస్ కుక్కర్ ఇంతకంటే పెద్దది."

లోపల ధర్ సొంత తొడుగులు వేసుకుని, సొంత పరికరాలతో, దేవుడికి నైవేద్యం పెట్టినంత శ్రద్ధగా ప్రతి గుంటలోనూ నీళ్లు పోశాడు. ఫుకన్ సార్ కూడా వచ్చి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిషన్ మొదలైంది. బెంచీ మీద ఆకు పొట్లాలు విప్పారు. అన్నం, ఎండుచేప పచ్చడి ఘాటుకి దీపేన్ అక్కడి నుంచి కదలనన్నాడు. ఫులేశ్వరి ఒక పొట్లం ధర్‌కి కూడా అందించింది. "తిను బాబూ. గెలిచినా ఓడినా ఆకలి ఆకలే."

తినడం ముగిసేసరికి తెర మీద ఒక గీత కదిలింది. కాసేపటికి దూరంగా ఇంకొకటి, తర్వాత మరొకటి లేచాయి. ధర్ తెర దగ్గరగా వంగి, చేత్తో నుదురు రుద్దుకున్నాడు.

"నేనే పోశాను. నా చేత్తో పోశాను" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఏమైంది?" అని బెంచీ మీద నుంచి ఫులేశ్వరి అడిగింది.

"నీళ్లకి పందిజ్వరం ఉందంటోందత్తా" అంది జోన్‌మణి.

"అయ్యో పాపం." ఫులేశ్వరి లేచి తలుపు దగ్గరికొచ్చింది. "ఇంక ఆలోచిస్తావేంటి బాబూ? నియమం తెలుసుగా. కిలోమీటరు మేర ఉన్న నీళ్లన్నీ పూడ్చెయ్యాలి. బ్రహ్మపుత్రతో మొదలెట్టు."

ముందు దీపేన్ పగలబడి నవ్వాడు, ఆపైన ఆడవాళ్లందరూ. ఫుకన్ సార్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ధర్ ముందు ఎర్రబడ్డాడు, కాని చివరికి అతనికీ నవ్వు ఆగలేదు. "ఆఫీసులో ఈ మాట చెప్పలేనమ్మా. ఉద్యోగం పోతుంది" అన్నాడు. కాని నిజాయితీపరుడు. అప్పటికప్పుడు వరండాలోకెళ్లి ఫోన్ చేసి, ఆ తయారీలోని పెట్టెలన్నీ ఆపించమని గట్టిగా చెప్పాడు. రోగం ఉన్నట్టు చూపించడానికి పెట్టెలో ఒక నమూనా సీసా ఇస్తారు. దాన్నీ మిగతా సీసాలనీ ఒకే బల్ల మీద నింపుతున్నారని, పొరపాటు అక్కడే జరిగిందని తర్వాత కంపెనీ ఒప్పుకుంది. బల్లలు వేరు చేసి, కొత్త పెట్టెలతో మళ్లీ వస్తామని రాశారు. రమ్మంది జోన్‌మణి.

నివేదికలో ఎర్రపెట్టె కొనమని రాసింది. ఫుకన్ సార్ సంతకం చేసేముందు పెన్ను ఎత్తిపట్టుకుని అడిగాడు. "ఇది మధ్య మధ్య చెప్పలేను అంటుంది కదమ్మా? జిల్లావాళ్లు గోల చెయ్యరూ?"

"చేస్తారు సార్. మళ్లీ నెత్తురు తియ్యడానికి వెళ్లాలి కదా, విసుక్కుంటారు. కానీ తెలియనప్పుడు తెలియదనే నోరు దానికొక్కదానికే ఉంది."

"మా ఇంట్లో ఎవరికీ లేదు" అంటూ ఆయన సంతకం పెట్టాడు.

కిట్లు జిల్లాలకి చేరాక, వాటిని వాడటం నేర్పడానికి జోన్‌మణి లఖింపూర్, ధేమాజీ, శివసాగర్ తిరిగింది. నివేదికలో లేని ముక్క ఒకటి ప్రతిచోటా చెప్పేది. ఫలితం అవునని వస్తే, కాగితం పైకి పంపండి, కాని అంతకుముందే ఆ ఇంటికి మీరే ఫోన్ చెయ్యండి, మీ నోటితో చెప్పండి. కొందరు రాసుకున్నారు, కొందరు రాసుకోలేదు. ధేమాజీలో ఒకాయన, "వాళ్లు తిడతారు కదా మేడం?" అన్నాడు. "తిడతారు. వినండి" అంది.

దొరసాని ఫాల్గుణ మాసంలో ఈనింది. పిల్లలన్నీ తెల్లవే, ఒక్కటి మాత్రం మేనక పోతుపందిలా కాటుక నలుపు. దాని మీద ఆ రెండిళ్ల మధ్య మొదలైన హాస్యాలు ఇక్కడ రాసేవి కావు. అత్తాకోడళ్లిద్దరూ ఇప్పుడు ఫోన్‌లో పందుల గురించే మాట్లాడుకుంటారు, వంటల ఊసే లేదు. మొన్న పొద్దున ఫులేశ్వరి ఫోన్ చేసి, హలో అనకుండానే మొదలెట్టింది.

"జోన్, బాతులకి కూడా పరీక్షలుంటాయా?"

"ఉంటాయి. ఏం?"

"మేనక బాతులు తూలుతున్నాయి. అపాంగ్ పిప్పి తిన్నాయని నేనంటాను, రోగమని అదంటుంది. ఇద్దరం పందెం కాశాం. లాంచీ ఎక్కి రా."

"నేను వచ్చేదాకా వాటిని ముట్టుకోకండి, అత్తా" అంటూ జోన్‌మణి అప్పటికే ఐస్ డబ్బా కోసం చుట్టూ చూస్తోంది.